మురుగునీటి పరీక్షతో ప్రాంతాల మధ్య మాదకద్రవ్యాల వాడకాన్ని పోల్చడం ఎలా: దశలవారీ మార్గదర్శి

యూరప్ నగరాల మురుగునీటి ఫలితాలు గానీ, ఆస్ట్రేలియా జాతీయ నివేదికలు గానీ వెలువడినప్పుడల్లా పాఠకులు అడిగే ప్రశ్న ఒకటే: ఫలానా నగరంలో కొకైన్ ఎక్కువ, ఫలానా పట్టణాల్లో మెతాంఫెటమిన్ (మెత్ అనే ఉత్తేజక మాదకద్రవ్యం) ఎక్కువ అని ఎలా తేలుస్తారు, అలాంటి పోలిక మేము చేయాలంటే ఏ పని ముందు, ఏ పని తర్వాత? ప్రజారోగ్య, పర్యావరణ ఇంజినీరింగ్ విద్యార్థులను, మున్సిపల్ సిబ్బందిని, ఇలాంటి నివేదికలను చదివి వార్తలు రాసేవారిని దృష్టిలో పెట్టుకుని ఆ క్రమాన్ని ఇక్కడ వివరిస్తున్నాను.

పద్ధతి క్లుప్తంగా ఇది. మనిషి వాడిన మాదకద్రవ్యంలో కొంత భాగం, అదే రూపంలోనో శరీరం మార్చిన రూపంలోనో, మూత్రంతో బయటికి వస్తుంది. శుద్ధి కేంద్రానికి చేరిన మురుగునీటిలో దాని గాఢతను కొలిచి, ఆ రోజు వచ్చిన నీటి పరిమాణంతో గుణించి, ఆ నీటిని పంపిన జనాభాతో భాగిస్తే, వెయ్యి మందికి రోజుకు ఎన్ని మిల్లీగ్రాములో తెలుస్తుంది. రెండు ప్రాంతాలను పోల్చాల్సింది ఈ చివరి సంఖ్యతోనే.

1. ప్రశ్నను ముందే రాసిపెట్టుకోండి

ఏ పదార్థం, ఏ ప్రాంతాలు, ఏ కాలం అన్న మూడింటినీ నమూనా తీయకముందే ఒక వాక్యంలో రాయండి. ఉదాహరణకు "రాజధాని నగరంలోనూ, దానికి దూరంగా ఉన్న నాలుగు పట్టణాల్లోనూ తలసరి మెతాంఫెటమిన్ పరిమాణంలో తేడా ఉందా" అన్నది ఈ పద్ధతి జవాబు చెప్పగల ప్రశ్న. "ఎంతమంది యువకులు వాడుతున్నారు" అన్నదానికి ఈ పద్ధతి దగ్గర జవాబు లేదు. పది మంది కొద్దికొద్దిగా వాడినా, ఒక్కడు ఎక్కువగా వాడినా మురుగునీటిలో కనిపించే మొత్తం ఒకటే కావచ్చు. వాడినవారి వయసు, వాడిన విధానం, సరుకు స్వచ్ఛత కూడా ఈ లెక్కలో కనిపించవు.

2. నీరు ఎక్కడి నుంచి వస్తోందో పటం గీయండి, అనుమతులు తీసుకోండి

ప్రాంతం అంటే మున్సిపాలిటీ సరిహద్దు అనుకోవడం తొలి పొరపాటు. ఈ పనిలో ప్రాంతం అంటే ఆ శుద్ధి కేంద్రానికి గొట్టాల ద్వారా మురుగునీటిని పంపే ఇళ్ల సముదాయం. భూగర్భ డ్రైనేజీ దాదాపు ప్రతి ఇంటికీ ఉన్న యూరప్ నగరాల్లో ఈ రెండూ చాలావరకు కలుస్తాయి. మన పట్టణాల్లో అలా కలవవు. సెప్టిక్ ట్యాంకుల మీద ఆధారపడిన కాలనీలుంటాయి, నాలాల్లో కలిసి శుద్ధి కేంద్రాన్ని తాకకుండానే చెరువులకో మూసీకో చేరే మురుగు ఉంటుంది. 2020లో హైదరాబాద్‌లోని సీసీఎంబీ, ఐఐసీటీ పరిశోధన సంస్థల శాస్త్రవేత్తలు నగర ఎస్టీపీల (మురుగునీటి శుద్ధి కేంద్రాల) మురుగునీటిలో కరోనా వైరస్ ఆనవాళ్లను కొలిచి, నగరంలో సోకినవారి సంఖ్యను అంచనా వేశారు. ఎస్టీపీ నమూనాతో జనాభా స్థాయి అంచనా మన దగ్గరా సాధ్యమేనని అది చూపింది. అయితే మాదకద్రవ్యాల విషయంలో రెండు పట్టణాలను పోల్చాలంటే, ప్రతి కేంద్రానికీ వాస్తవంగా ఎన్ని ఇళ్ల నీరు చేరుతోందో తెలియనిదే ముందుకు వెళ్లకూడదు.

పటం మీద పరిశ్రమలను, ఆసుపత్రులను, జైళ్లను గుర్తించండి. పరిశ్రమల విషయం మన ప్రాంతంలో మరీ ముఖ్యం. హైదరాబాద్ సమీపంలోని పటాన్‌చెరులో సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థజలాన్ని శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికి వచ్చిన నీటిలో సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నట్లు 2007లో ప్రచురితమైన అధ్యయనం చూపింది. మందు మనిషి శరీరం నుంచే రావాలన్న నియమం లేదనడానికి ఇంతకంటే బలమైన ఉదాహరణ అక్కర్లేదు.

అనుమతులకు నెలలు పట్టవచ్చు కనుక అవి ఈ దశలోనే మొదలవ్వాలి. శుద్ధి కేంద్రం నిర్వాహకుల రాతపూర్వక అంగీకారం కావాలి. మాదకద్రవ్యాలను నియంత్రించే ఎన్డీపీఎస్ చట్టం, 1985 పరిధిలోని పదార్థాల ప్రామాణిక ద్రావణాలను కొనడానికి, దాచడానికి ప్రయోగశాలకు అనుమతి ఉండాలి. సంస్థ నైతిక సంఘం ఆమోదం కూడా తీసుకోండి.

3. ఏ పదార్థాన్ని కొలవాలో నిర్ణయించండి

మాదకద్రవ్యాన్ని నేరుగా కొలవాలా, శరీరం దాన్ని మార్చిన రూపాన్ని కొలవాలా అన్నది ఒక్కో దానికి ఒక్కో రకంగా ఉంటుంది.

- కొకైన్: శరీరం దాన్ని మార్చిన రూపమైన బెంజాయిల్‌ఎక్గొనిన్‌ను కొలవాలి. కొకైన్‌ను కూడా పక్కనే కొలిస్తే తొమ్మిదో దశలో పనికొస్తుంది.
- మెతాంఫెటమిన్, ఎండీఎంఏ (ఎక్స్‌టసీ): మార్పు చెందకుండా బయటికి వచ్చిన భాగాన్నే కొలుస్తారు. ఇవి మురుగు గొట్టాల్లో త్వరగా విచ్ఛిన్నం కావు.
- ఆంఫెటమిన్: మెతాంఫెటమిన్ వాడినవారి శరీరం నుంచి కూడా కొంత ఆంఫెటమిన్ వస్తుంది. ఏడీహెచ్‌డీకి (ఏకాగ్రత లోపం, అతిచురుకుదనం ఉన్న సమస్యకు) ఇచ్చే కొన్ని మందుల నుంచీ వస్తుంది. ఆ రెండు వాటాలనూ తీసేయాలి.
- హెరాయిన్: దీనికే ప్రత్యేకమైన 6-మోనోఎసిటైల్‌మార్ఫిన్ చాలా స్వల్పంగా విసర్జితమవుతుంది, త్వరగా విచ్ఛిన్నమవుతుంది. హెరాయిన్ శరీరంలో చివరికి మారే మార్ఫిన్‌ను కొలిస్తే, ఆసుపత్రి మార్ఫిన్, కొడీన్ మందుల వాటాను అమ్మకాల లెక్కలతో తీసేయాలి.
- గంజాయి: దాని మత్తు పదార్థం శరీరంలో మారిన రూపమైన టీహెచ్‌సీ-సీఓఓహెచ్‌ను కొలుస్తారు. మూత్రంలో వచ్చే వాటా ఒక శాతానికి అటూఇటూ మాత్రమే, పైగా అది మురుగులోని ఘనపదార్థానికి అంటుకుంటుంది. మొదటిసారి చేసేవారు గంజాయితో ప్రాంతీయ పోలికకు దిగకపోవడం మంచిదని నా సలహా.

గొట్టాల పొడవును ఇక్కడే గమనించండి. పెద్ద నగరంలో మురుగు శుద్ధి కేంద్రానికి చేరడానికి చాలా గంటలు పట్టవచ్చు, చిన్న పట్టణంలో త్వరగా చేరుతుంది. దారిలో విచ్ఛిన్నమయ్యే పదార్థాన్ని ఎంచుకుంటే, వాడకం సమానంగా ఉన్నా పెద్ద నగరంలో తక్కువగా ఉన్నట్లు కనిపిస్తుంది.

4. వారాన్ని ఎంచుకోండి

వరుసగా ఏడు రోజులు, అన్ని ప్రాంతాల్లోనూ అదే వారం. యూరప్‌లో స్కోర్ అనే పరిశోధకుల బృందం 2011లో 19 నగరాలతో మొదలుపెట్టినప్పటి నుంచి ఇదే పాటిస్తోంది. ఏడు రోజులూ ఎందుకంటే, కొకైన్, ఎండీఎంఏ పరిమాణాలు చాలా నగరాల్లో వారాంతంలో పెరుగుతాయి, మెతాంఫెటమిన్ వారమంతా దాదాపు సమంగా ఉంటుంది. ఒక ఊళ్లో మంగళవారం, మరో ఊళ్లో ఆదివారం తీసిన నమూనాలను పోల్చితే తెలిసేది రోజుల మధ్య తేడా మాత్రమే.

పండుగలు, సుదీర్ఘ సెలవులు, పెద్ద సంగీతోత్సవాలు లేని వారం కావాలి. సంక్రాంతి వారంలో హైదరాబాద్‌లో నమూనాలు తీసి, జనాభా లెక్కల సంఖ్యతో భాగిస్తే, ఊళ్లో లేనివారిని కూడా లెక్కలోకి తెచ్చి తలసరి సంఖ్యను తగ్గించినట్లవుతుంది. అదే వారం కోస్తా పట్టణాల్లో లెక్క ఎదురు దిశలో తప్పుతుంది.

తేదీ రాసే పద్ధతి చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ చాలా పోలికలను చెడగొడుతుంది. శనివారం ఉదయం 8 నుంచి ఆదివారం ఉదయం 8 వరకు పోగైన నమూనా మీద ఒక కేంద్రం మొదలైన తేదీని, మరో కేంద్రం ముగిసిన తేదీని రాస్తే, ఒక ఊరి వారాంతం మరో ఊరికంటే ఒక రోజు ముందు వచ్చినట్లు పట్టికలో కనిపిస్తుంది. సీసా మీద ప్రారంభ సమయం, ముగింపు సమయం రెండూ రాయించండి.

5. నమూనా తీయడం, కాపాడటం

శుద్ధి కేంద్రం ఇన్‌లెట్ దగ్గర, చెత్తను ఆపే జల్లెడలూ, ఇసుకను ఆపే గ్రిట్ చాంబరూ దాటిన తర్వాత, శుద్ధి మొదలవ్వకముందు నమూనా తీయాలి. బకెట్‌తో ఒకసారి ముంచి తీసిన నీరు ఈ పనికి చెల్లదు. ఆటోశాంప్లర్ 24 గంటల పాటు కొద్దికొద్దిగా తీసి పోగుచేసిన కాంపోజిట్ నమూనా కావాలి, అది కూడా ప్రవాహం పెరిగితే ఎక్కువ, తగ్గితే తక్కువ తీసే విధంగా ఉండాలి.

ఎంత తరచుగా తీయాలి అన్నదానికి జవాబు ఊరి పరిమాణాన్ని బట్టి ఉంటుంది. మాదకద్రవ్యపు ఆనవాలు మురుగులో ఎడతెగని ధారలా రాదు, ఒక్కో టాయిలెట్ ఫ్లష్‌తో ఒక్కో గుంపుగా వస్తుంది. లక్షల మంది ఉన్న నగరంలో ఆ గుంపులు కలిసిపోతాయి. పది వేల మంది ఉన్న పట్టణంలో, అరుదైన పదార్థం విషయంలో, రోజుకు కొన్ని గుంపులే రావచ్చు. గంటకొకసారి తీసే యంత్రం వాటిని పూర్తిగా వదిలేయవచ్చు, లేదా ఒక్కదాన్ని పట్టుకుని రోజంతటికీ అంటగట్టవచ్చు. అందుకే చిన్న పట్టణాల్లో విరామం 5 నుంచి 10 నిమిషాలకు మించకూడదు. నగరాలకు సరిపోయిన యంత్రపు అమరికను పట్టణాలకు అలాగే వాడటం ప్రాంతీయ అధ్యయనాల్లో బయటికి కనిపించని పెద్ద లోపం.

రోజువారీ పనికి జాబితా:

- ఆటోశాంప్లర్ లోపలి ఉష్ణోగ్రత 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉందని ఉదయం, సాయంత్రం నమోదు చేయాలి.
- 24 గంటల మొత్తం ప్రవాహాన్ని ఘనపు మీటర్లలో రాయాలి, ఫ్లో మీటరును చివరిగా ఎప్పుడు సరిచూశారో కూడా రాయాలి.
- వర్షం, విద్యుత్ అంతరాయం, పంపు ఆగిన సమయం, బైపాస్ తెరిచిన సమయం రాయాలి.
- ఒక్కో రోజుకు కనీసం రెండు సీసాలు నింపి, వెంటనే మైనస్ 20 డిగ్రీల వద్ద గడ్డకట్టించాలి. ఆమ్లం కలిపి భద్రపరిచే పద్ధతి వాడితే అన్ని ప్రాంతాల్లోనూ అదే వాడాలి. గంజాయి కోసం తీసిన సీసాలో ఆమ్లం కలపకూడదు, టీహెచ్‌సీ-సీఓఓహెచ్ పోతుంది.
- గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి. హెపటైటిస్, ధనుర్వాతం టీకాలు వేయించుకున్న సిబ్బందే నమూనాలను ముట్టుకోవాలి.

మ్యాన్‌హోల్‌లోకి మనిషిని దించి నమూనా తీయించడం ఏ పరిస్థితిలోనూ చేయకూడదు. ఒక నమూనా తప్పిపోతే మరో వారం తీసుకోవచ్చు. విషవాయువు బారిన పడిన ప్రాణాన్ని ఎవరూ తిరిగి తేలేరు.

వర్షం పడితే ఏం చేయాలి? నీరు పలచనై గాఢత తగ్గుతుంది, ప్రవాహం పెరుగుతుంది. రెండింటినీ గుణిస్తే మొత్తం దాదాపు అంతే వస్తుంది కనుక ఆ రోజును పారేయనవసరం లేదు. కానీ నీరు పొంగి శుద్ధి కేంద్రానికి చేరకుండా బయటికి వెళ్లిన రోజును లెక్కలోంచి తీసేసి, తర్వాతి వారం అదే రోజున మళ్లీ తీయాలి.

6. ప్రయోగశాల

వీలైతే అన్ని ప్రాంతాల నమూనాలనూ ఒకే ప్రయోగశాలకు పంపండి. నమూనాను వడకట్టకముందే డ్యూటీరియం (బరువైన హైడ్రోజన్) చేర్చిన ప్రామాణిక పదార్థాన్ని అందులో కలపాలి, అప్పుడే పరీక్ష దశల్లో జరిగిన నష్టం లెక్కకు వస్తుంది. తర్వాత నీటిలోని పదార్థాన్ని గాఢపరిచే ఘన దశ నిష్కర్షణ, ఆపై పదార్థాలను విడదీసి కొలిచే, ద్రవ క్రోమటోగ్రఫీతో జతచేసిన ద్రవ్యరాశి వర్ణపటమాపనం (మాస్ స్పెక్ట్రోమెట్రీ). ప్రతి విడతలో శుభ్రమైన నీటితో ఒక ఖాళీ నమూనా, తెలిసిన పరిమాణం కలిపిన ఒక నమూనా ఉండాలి. నగరాల నమూనాలన్నీ ఒక రోజు, పట్టణాల నమూనాలన్నీ మరో రోజు పరీక్షించకుండా కలగలిపి పెట్టండి. యంత్రంలో ఆ రోజు వచ్చిన మార్పు ప్రాంతీయ తేడాలా కనిపించే ప్రమాదం దీనితో తగ్గుతుంది.

రెండు మూడు ప్రయోగశాలలు తప్పనిసరైతే, ఒకే సీసాలోని నీటిని అన్నింటికీ పంపి, జవాబులు ఎంత దగ్గరగా వస్తున్నాయో ముందుగా చూడండి.

7. జనాభా

ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది ఇక్కడే. లెక్కలోని అనిశ్చితిపై 2013లో యూరప్ పరిశోధకులు ప్రచురించిన అంచనా ప్రకారం, సరిగ్గా చేసిన నమూనా సేకరణ వల్ల వచ్చే తేడా 5 నుంచి 10 శాతం, జనాభా అంచనా వల్ల వచ్చే తేడా 7 నుంచి 55 శాతం. అంటే ప్రయోగశాలలో ఎంత ఖరీదైన యంత్రం పెట్టినా, భాగహారంలో కింద ఉన్న సంఖ్య తప్పితే పోలిక తప్పినట్లే.

శుద్ధి కేంద్రం బోర్డు మీద రాసిన సామర్థ్యాన్ని జనాభాగా వాడకండి. అది కట్టినప్పుడు ఊహించిన సంఖ్య, పరిశ్రమల వాటా కూడా అందులో కలిసి ఉంటుంది. జనగణనను వాడవచ్చు గానీ, మన దేశంలో 2011 తర్వాతి అంకెలు లేని చోట శివారు కాలనీల విషయంలో అది బాగా వెనకబడి ఉంటుంది.

కనీసం రెండు దారుల్లో అంచనా వేసి, అవి కలుస్తున్నాయా చూడండి. ఒకటి నివాసాల లెక్క: డ్రైనేజీ కనెక్షన్ల సంఖ్యను సగటు కుటుంబ పరిమాణంతో గుణించడం. రెండోది నీటి లెక్క: ఐరోపాలో ఒక మనిషి రోజుకు 60 గ్రాముల బీఓడీ (మురుగులోని సేంద్రియ పదార్థం కుళ్లడానికి కావాల్సిన ఆక్సిజన్ కొలత) కలుపుతాడని లెక్కిస్తారు. రోజుకు 20,000 ఘనపు మీటర్ల మురుగు వచ్చి, బీఓడీ లీటరుకు 300 మిల్లీగ్రాములు ఉంటే, మొత్తం 6,000 కిలోలు. దాన్ని 60 గ్రాములతో భాగిస్తే లక్ష మంది. మన ఊళ్లకు 60 గ్రాములు అనే అంకెను అలాగే తీసుకోకుండా, జనాభా ఖచ్చితంగా తెలిసిన ఒక కాలనీ నీటితో సరిచూసుకోవాలి. ఆహార పరిశ్రమలున్న చోట బీఓడీ మోసం చేస్తుంది, అక్కడ అమ్మోనియా నత్రజనిని చూడండి. నార్వే రాజధాని ఓస్లోలో పరిశోధకులు మొబైల్ ఫోన్ల సమాచారంతో రోజురోజుకూ మారే జనాభాను అంచనా వేశారు. పర్యాటక, విద్యా పట్టణాలకు ఆ దారి బాగా పనికొస్తుంది.

8. లెక్క చేయండి

లీటరుకు 1,000 నానోగ్రాములంటే ఘనపు మీటరుకు 1 మిల్లీగ్రాము. ఇది గుర్తుంటే ప్రమాణాల గందరగోళం ఉండదు. కల్పిత ఉదాహరణగా రెండు పట్టణాలు తీసుకుందాం, రెండింటిలోనూ లక్ష మంది.

- మొదటి పట్టణం: బెంజాయిల్‌ఎక్గొనిన్ లీటరుకు 800 నానోగ్రాములు, ప్రవాహం 20,000 ఘనపు మీటర్లు. 0.8 × 20,000 = 16,000 మిల్లీగ్రాములు. వెయ్యి మందికి రోజుకు 160 మిల్లీగ్రాములు.
- రెండో పట్టణం: లీటరుకు 400 నానోగ్రాములు, ప్రవాహం 60,000 ఘనపు మీటర్లు. 0.4 × 60,000 = 24,000 మిల్లీగ్రాములు. వెయ్యి మందికి రోజుకు 240 మిల్లీగ్రాములు.

గాఢత చూస్తే మొదటి పట్టణంలో రెట్టింపు. తలసరి లెక్కలో రెండో పట్టణంలో ఒకటిన్నర రెట్లు. భూగర్భజలం గొట్టాల్లోకి ఊరడం వల్లో, నీటి వాడకం ఎక్కువ కావడం వల్లో రెండో పట్టణపు మురుగు పలచగా ఉంది, అంతే. గాఢతతో ప్రాంతాలను పోల్చిన వార్త ఏది కనిపించినా దాన్ని పక్కన పెట్టవచ్చు.

ఇక్కడితో ఆగితే పోలికకు సరిపోతుంది. కొకైన్ ఎంత వాడారో చెప్పాలంటే, ఒక గుణకంతో హెచ్చించాలి. వాడిన దానిలో 45 శాతం బెంజాయిల్‌ఎక్గొనిన్‌గా వస్తుందన్న తొలి అంచనాతో ఆ గుణకం 2.33. తర్వాత సవరించిన 29 శాతంతో అది 3.59. మొదటి పట్టణపు 160 మిల్లీగ్రాములే ఒక లెక్కలో 373, మరో లెక్కలో 574 అవుతాయి. వేర్వేరు దేశాల నివేదికల్లోని చివరి అంకెలను తీసుకుని పక్కపక్కన పెట్టేవారు తరచు ఈ గుణకాన్ని చూడరు. వీలైనప్పుడల్లా గుణకానికి ముందున్న సంఖ్యలతోనే పోల్చండి.

9. శరీరం నుంచి రాని వాటాను గుర్తించండి

ఏడు రోజుల్లో ఒకే ఒక్క రోజు సంఖ్య ఎన్నో రెట్లు పెరిగితే, వాడకం పెరిగిందని రాసే ముందు పారబోతను అనుమానించాలి. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో 2011 నమూనాల్లో ఎండీఎంఏ అసాధారణంగా కనిపించింది. నమూనా వారానికి కాస్త ముందే పోలీసులు ఒక అక్రమ తయారీ స్థావరంపై దాడి చేశారు, సరుకు మురుగులో కలిసిందని తేలింది. తేల్చిన విధానం ఆసక్తికరం. తయారైన ఎండీఎంఏలో దాని రెండు ప్రతిబింబ రూపాలు సమానంగా ఉంటాయి, శరీరం ఒక రూపాన్ని త్వరగా ఖర్చు చేస్తుంది కనుక మూత్రంలో నిష్పత్తి మారుతుంది. ఉట్రెక్ట్ నీటిలో రెండూ సమానంగా ఉన్నాయి.

కొకైన్‌కు ఇంకా సులువైన పరీక్ష ఉంది. కొకైన్‌ను బెంజాయిల్‌ఎక్గొనిన్‌తో భాగించండి. నిష్పత్తి సుమారు 0.75 దాటితే, శరీరం గుండా వెళ్లని కొకైన్ నీటిలో కలిసిందని అనుమానించాలి.

10. తేడా నిజమైనదేనా

రెండు వారపు సగటుల మధ్య తేడా 20 శాతమైతే, జనాభా అనిశ్చితే అంతకంటే ఎక్కువ ఉండవచ్చు కనుక, తేడా ఉందని చెప్పకండి. జనాభా రెండు అంచనాలతోనూ విడివిడిగా లెక్క చేసి, రెండింటిలోనూ అదే ఊరు ముందుంటే ఒక మెట్టు ఎక్కినట్లు. మరో రుతువులో తీసిన వారంలోనూ అదే క్రమం వస్తే అప్పుడు రాయండి.

యూరప్, ఆస్ట్రేలియా ఫలితాలను నమ్మగలగడానికి కారణం ఈ పునరావృతమే. బెల్జియం, నెదర్లాండ్స్, స్పెయిన్ నగరాల్లో కొకైన్, ఉత్తర, తూర్పు యూరప్‌లో ఆంఫెటమిన్, చెకియాలో మెతాంఫెటమిన్ ఎక్కువగా ఉండటం ఏళ్ల తరబడి కనిపిస్తూ వచ్చింది. ఆస్ట్రేలియాలో 2017లో మొదలైన జాతీయ నివేదికలు రాజధాని నగరాలను, ప్రాంతీయ పట్టణాలను విడిగా చూపుతాయి. అక్కడ కొకైన్, హెరాయిన్ తలసరి సగటు రాజధానుల్లో ఎక్కువ, మెతాంఫెటమిన్ మాత్రం పలు నివేదికల్లో ప్రాంతీయ పట్టణాల్లోనే ఎక్కువగా నమోదైంది. మాదకద్రవ్యాలు మహానగరాల బెడద మాత్రమే అనుకునేవారు ఆ చివరి వాక్యాన్ని మరోసారి చదవాలి. చికిత్సా కేంద్రాలు తక్కువగా ఉండేది కూడా ఆ చిన్న పట్టణాల్లోనే.

11. ప్రచురించే ముందు

మురుగునీటి నమూనా ఏ వ్యక్తినీ పట్టివ్వదు, కానీ ఒక చిన్న ఊరికి, ఒక బస్తీకి చెడ్డపేరు తేగలదు. అందుకే ఆస్ట్రేలియా నివేదికలు నమూనా కేంద్రాల పేర్లకు బదులు సంకేత సంఖ్యలే ఇస్తాయి. ఒక పాఠశాల, ఒక హాస్టల్, ఒక కాలనీ మ్యాన్‌హోల్ స్థాయికి దిగి పోలికలు ప్రచురించకండి. పేర్లు వెల్లడించే ముందు ఆ ఊరి ఆరోగ్యాధికారులతో మాట్లాడండి.

నివేదికలో ఇవి ఉన్నాయా చూడండి:

- ప్రతి రోజు గాఢత, ప్రవాహం, జనాభా విడివిడిగా, అంటే మరొకరు మళ్లీ లెక్క చేసుకోగలిగేలా.
- వాడిన గుణకం, దానికి ఆధారం.
- తీసేసిన రోజులు, తీసేసిన కారణం.
- చికిత్సకు వచ్చినవారి సంఖ్య, మాదకద్రవ్యాలు వికటించి ఆసుపత్రులకు వచ్చిన కేసులు, పోలీసులు పట్టుకున్న సరుకు వివరాలు, మురుగునీటి సంఖ్యల పక్కన.

వాక్యం రాసే తీరు కూడా సరిచూసుకోండి. "రెండో పట్టణంలో కొకైన్ వాడేవారు ఒకటిన్నర రెట్లు ఎక్కువ" అన్నది తప్పు. "మార్చి రెండో వారంలో రెండో పట్టణపు మురుగునీటిలో బెంజాయిల్‌ఎక్గొనిన్ తలసరి పరిమాణం మొదటి పట్టణం కంటే ఒకటిన్నర రెట్లు ఎక్కువగా నమోదైంది, జనాభాను రెండు పద్ధతుల్లో లెక్కించినా ఈ క్రమం మారలేదు" అని రాయాలి. రెండో సీసాను కనీసం మరుసటి ఏడాది నమూనాల పరీక్ష పూర్తయ్యే వరకు ఫ్రీజర్‌లోంచి తీయకండి. కొత్త ఏడాది సంఖ్య అనూహ్యంగా మారితే, పాత సీసానూ కొత్త సీసానూ ఒకే రోజు, ఒకే యంత్రంపై పరీక్షించి చూడాల్సి వస్తుంది.